పోతదా అన్నాడు సారు

గొంతులో చేపముల్లు గుచ్చుకున్నవాడు అన్నం ముద్ద మింగి చూస్తాడు, అరటిపండు మింగి చూస్తాడు. అది దిగదు. మాట్లాడుతూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు, ఎదుటివాళ్లకు తెలియదు. నాకు అట్లాంటి ముల్లు ఒకటి ఏళ్ల తరబడి ఉంది. అది ఒక మాట. రెండే అక్షరాలు. పోదు.

మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్లకు చెప్పుకునే ధైర్యం నాకు లేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. ఏమీ అనదు. లేచి వంటింట్లోకి పోతుంది. ఆ పోవడం చూడలేక ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.

నేను డ్రైవర్‌ని. సత్తుపల్లిలో ఒక జామాయిల్ కాంట్రాక్టరు దగ్గర పని. ఆయన్ని సారు అంటాను, ఇక్కడ కూడా అట్లాగే అంటాను. అడవి అంచున ఆయనకు తోటలున్నాయి. కర్ర నరికించి కాగితం మిల్లుకు పంపిస్తాడు. కొన్నేళ్ల కింద ఒక పెద్ద బండి కొన్నాడు. దాని పేరు చెప్పను. బురదలో, ఇసుకలో, రాళ్లలో పోవడానికే చేసిన బండి. లోపల మాత్రం మీగడ రంగు తోలు సీట్లు, పెళ్లికొడుకు కూర్చునే సోఫాలాగా.

హైదరాబాద్ షోరూంలో తాళాలు ఇచ్చిన రోజు ఒక అమ్మాయి మా ఇద్దరినీ కూర్చోబెట్టి బటన్లన్నీ చెప్పింది. సారు ఫోన్‌లో ఉన్నాడు. కర్ర లారీ ఎక్కడో దిగబడిందట, ఆ గొడవ. అమ్మాయి ఆయన్ని చూసి చెబుతుంది, ఆయన చెయ్యి ఊపుతాడు, విన్నది నేను. గేరు పక్కన గుండ్రటి మీట ఉంది. తిప్పితే తెర మీద బొమ్మలు మారతాయి. గడ్డి, బురద, ఇసుక, బండరాళ్లు. మంచు బొమ్మ కూడా ఉంది. ఫోన్ పెట్టేశాక సారు దాన్ని చూసి, "మన కొత్తగూడెం ఎండలల్ల మంచేందిరా" అని నవ్వాడు. ఆయన నేర్చుకున్నది ఆ ఒక్కటే.

మిగతావన్నీ నేను నేర్చుకున్నాను. బండిని జానెడు పైకి లేపే బటన్. కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండానే తనంతట తాను పట్టి పట్టి దింపే బటన్. అన్నిటికంటే నాకు నచ్చింది నీళ్లదే. పక్క అద్దాల కింద కళ్లలాంటివి ఉంటాయి. నీళ్లలోకి దిగితే అవి లోతు చూసి, తెర మీద బండి బొమ్మ గీసి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో నీలం గీతతో చూపిస్తాయి. పైన ఎర్ర గీత ఉంటుంది. "నీలం గీత ఎర్ర గీతకు కింద ఉన్నంతవరకు భయం లేదండీ. ఎత్తు లేపుకోండి, చిన్న గేరులో మెల్లగా పోండి, మధ్యలో ఆగకండి" అంది అమ్మాయి. ఎక్కాల్లాగా బట్టీ పట్టాను.

అప్పటినుంచి బండి విషయంలో నేను చెప్పిందే వేదం. సారు బామ్మర్ది నడుపుతానంటే, గేరు లాకైపోతుందని, హైదరాబాద్ నుంచి మనిషి రావాలని చెప్పేవాణ్ణి. గుంతల దారిలో పొమ్మంటే, కింద గాలి బుడగలున్నాయి, పగిలితే అంతే సంగతులు అనేవాణ్ణి. ఒకసారి క్రికెట్ మ్యాచ్ చూడబుద్ధై, ఇంజను వేడెక్కిందని పాల్వంచలో టీవీ ఉన్న హోటల్ ముందు బండి ఆపేశాను. నేను లోపల మ్యాచ్ చూస్తుంటే సారు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంజను చల్లారిందా అని మాటిమాటికీ బండి వైపు చూశాడు, పాపం. ఇవేవీ నాకు తప్పులనిపించలేదు. నవ్వొచ్చేది. నోరు అబద్ధానికి కూడా అలవాటు పడుతుంది, వక్కపొడికి పడ్డట్టే.

సోమన్న గురించి చెప్పాలి. వాగు అవతల తోటకు కాపలా మనిషి. నాకంటే పెద్దవాడు. డ్రైవర్ బతుకంటే ఏముంది, ఎవరో లోపల పని చూసుకుంటుంటే బయట బండి పక్కన పడి ఉండడమే. అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు తక్కువ. సోమన్న అడిగేవాడు. నేను సీటు వెనక్కి వాల్చి పడుకోబోతే వచ్చి కిటికీ తట్టేవాడు. "బండిల పండుకుంటే మెడ పడతది తమ్మీ" అని, తన నులక మంచం తెచ్చి నీడన వాల్చేవాడు. ఎండాకాలం తునికి పండ్లు గుడ్డలో కట్టి ఇచ్చేవాడు. ఆయన భార్య నాగమణిని వదినా అనేవాణ్ణి. ఆమె చేతి పచ్చిపులుసు ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు.

ఇక ఆ రోజు. ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగుతోంది. ఆగనీ. తర్వాతైనా రాయక తప్పదు.

వానాకాలం. ముసురు పట్టి, ఆ రోజు తెరిపిచ్చింది. మర్నాడు మధిరలో సారు వాళ్ల చుట్టాల పెళ్లి. బండి మెరవాలన్నాడు. పొద్దుటినుంచి తుడిచి తుడిచి నా భుజాలు పడిపోయాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి, గాలికి చెట్లు పడ్డాయట, తోట చూసొద్దాం పద అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాగు దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి నీళ్లు వెడల్పుగా పరుచుకుని ఉన్నాయి. పొంగు తగ్గిపోయింది, వడి లేదు. అంతకుముందు నెలలోనే ఇంకో తోటకు పోతూ ఇంతకంటే లోతున్న వాగును నేనొక్కణ్ణే, సరదాకి, దాటాను. ఇది దాటుతుందని నాకు తెలుసు. తెలిసే, ఆ ఎర్ర బురదను మళ్లీ కడగాల్సింది ఎవరని ఆలోచించాను.

"పోదు సార్, నీళ్లెక్కువున్నయ్" అన్నాను.

"సరే తియ్" అన్నాడు సారు. బండి వెనక్కి తిప్పాను.

అక్కడితో అయిపోతే ఇది కూడా పాల్వంచ మ్యాచ్ లాంటిదే అయ్యుండేది. కానీ తిప్పుతుంటే అద్దంలో నాగమణి వదిన కనిపించింది. అవతలి గట్టు మీద కొంగు ఊపుతూ పరిగెత్తుకొస్తోంది. సారు దిగి నీళ్ల అంచుదాకా పోయాడు. ఆమె అరుస్తున్నది నాకూ వినిపించింది. సోమన్నను రక్తపింజరి కరిచింది. కాలికి. పడిన కొమ్మలు తీస్తుంటే. "బండి తేండ్రి సారూ, జల్దీ తేండ్రి" అంటోంది.

సారు వెనక్కి వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీ అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒక్కసారి మంచిగ చూడురా. పోతదా?"

పోతది సార్ అనాలి. అంతే. కానీ అంటే, మరి ఇందాక పోదంటివి గదా అంటాడు. ఇదొక్కటే నాకు తట్టింది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి గుర్తుకు రావాలి కదా, ఆయన మంచం, ఆయన పండ్లు గుర్తుకు రావాలి కదా. రాలేదు. నా అబద్ధం బయటపడుతుందన్నదే గుర్తొచ్చింది. పట్టుబడిన పిల్లవాడిలాగా చెవులు వేడెక్కాయి. ఇది భయమైతే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నీళ్లంటే భయపడ్డాననుకుంటే మనుషులు క్షమిస్తారు, నన్ను నేనూ క్షమించుకునేవాణ్ణేమో. కానీ నేను నీళ్లకు భయపడలేదు.

"చూస్తా సార్" అని బండిని నీళ్లలోకి దింపాను. చక్రాలు సగం మునిగాయి. ఇంకాస్త పోనిచ్చాను. తెర మీద బండి బొమ్మ వచ్చింది. నీలం గీత లేచింది, లేచి ఆగింది. ఎర్ర గీతకు చాలా కింద ఆగింది. బండి ఎత్తు నేను ఇంకా లేపనే లేదు. అది చూసింది నేనొక్కణ్ణే. అవతల వదిన చేతులు జోడించి నిలబడింది. ముందుకు పోనివ్వాల్సిన బండిని రివర్స్‌లో వేశాను.

"పోదు సార్."

సారు నా మొహంలోకి చూశాడు. అనుమానంగా కాదు. కిటికీలోంచి నా భుజం మీద చెయ్యేసి, "సరే, నీ పానం గూడ పానమే గదా" అన్నాడు. ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు అంటారే, నేనూ నిలబడ్డాను.

ఆ తర్వాత జరిగింది జల్దీ చెప్పేస్తాను. అంత బండే దాటని నీళ్లలో మనమేం దిగుతాం అనుకుని, తోటలో పనికి వచ్చినవాళ్లు సోమన్నను నులక మంచం మీద వేసుకుని, అడవిలో పడి ఎగువన ఉన్న కల్వర్టు దాకా మోసుకొచ్చారు. మేము రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి పోయి, అక్కడినుంచి తోటకు బండి దారి లేక, కల్వర్టు దగ్గరే నిలబడ్డాం. వాళ్లు వచ్చేసరికి పొద్దు వాలింది. కాలు మొద్దులా వాచి నల్లబడింది. మోకాలి కింద వదిన చీర పీలిక బిగించి కట్టి ఉంది. మీగడ రంగు సీటు మీద పడుకోబెడితే సోమన్న వాంతి చేసుకున్నాడు. కళ్లు తెరిచి, "సీటు ఖరాబైతాంది తమ్మీ" అన్నాడు. భద్రాచలం దవాఖానా దాకా నేను బండి తోలిన తోలుడు ఇప్పటికీ సారు చెబుతుంటాడు.

సోమన్న బతికాడు. మోకాలి కింద కాలు తీసేశారు. ఇంకాస్త ముందు తెస్తే కాలు దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో'ను పట్టుకుని నేను ఎంతకాలం వేలాడానో మీకు తెలియదు. చీర పీలిక అంత గట్టిగా కట్టకపోతే కాలు ఉండేదేమో. విషం ఎక్కువ దిగిందేమో. బండి దాటినా అంతే అయ్యేదేమో. రోడ్డు మీద ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఈ లెక్కలన్నీ వేసి వదిన మీదికి కూడా తప్పు నెట్టి చూశాను. ఆమె మొగుణ్ణి బతికించుకోవడానికి కట్టిన కట్టు మీదికి. ఇంతకంటే నీచం ఏముంటుంది? అయినా ఆ లెక్క ఎప్పుడూ తేలదు. ఎందుకంటే ఆ నీళ్లు దాటి చూసినవాడు ఎవడూ లేడు.

తిట్టినా బాగుండేది. ఒక్కరూ తిట్టలేదు. వదిన కనపడ్డవాళ్లందరికీ, "డ్రైవర్ తమ్ముడు పానానికి తెగించి వాగుల దిగిండు, బండికి చాతగాలె గని" అని చెప్పింది. సారు పదిమందిలో నా భుజం తట్టాడు. ఆ పొగడ్తలు విని తల వంచుకుంటే, మంచివాడు, గర్వం లేదు అన్నారు. తర్వాత తర్వాత తోటకు పోయినా బండి దిగడం మానేశాను. అద్దాలు ఎక్కించుకుని ఏసీలో కూర్చుంటాను. మెడ నొప్పి పుడుతుంది. పుట్టనీ.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది. సోమన్న కర్రల సాయంతో నడుస్తూ వంతెన పక్కన చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. ఈమధ్య భద్రాచలంలో పెట్టుడు కాలు కొలతలు తీసుకుంటున్నారంటే, సారు నన్నే తీసుకుపొమ్మన్నాడు. సోమన్న ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వద్దువద్దంటున్నా, సీటు మురికవుతుందని కింద తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. వంతెన మీదికి వచ్చేసరికి కర్ర సర్దుకోబోతే చెయ్యి ఏదో బటన్‌కు తగిలింది. తెర మీద బండి బొమ్మ వచ్చింది. కింద నీలం గీత, పైన ఎర్ర గీత.

"గిదేంది తమ్మీ?"

"నీళ్ల లోతు చూపిస్తది అన్నా."

"అవ్? అప్పుడు గిది లేకుండెనా?"

మళ్లీ అదే ప్రశ్న. ఇన్నేళ్ల తర్వాత దేవుడు పిలిచి మళ్లీ అడిగినట్టు అడిగాడు, అదీ అడగాల్సిన మనిషే. బండిలో ఇద్దరమే. సారు లేడు, వదిన లేదు. ఉండె అన్నా, అంటే అయిపోయేది.

"లేకుండె అన్నా. తర్వాత పెట్టిచ్చినం" అన్నాను.

"గట్లనా" అని ఆయన కిందికి, వాగు వైపు చూశాడు. "ఉంటె నువ్వు వచ్చేటోనివే, నాకెరుక."

భద్రాచలం వచ్చేదాకా ఆయనే ఏవేవో చెప్పాడు, దుకాణం సంగతులు, కొత్త కాలు వస్తే తోట దాకా నడిచి చూడాలని. ఆయన్ని దింపి, బండి నీడకు పెట్టి, అద్దాలన్నీ ఎక్కించుకుని ఏడ్చాను. ఏడిస్తే తేలికవుతుందంటారు. ఎవరికి అయిందో నాకు తెలియదు.

ఇప్పుడు సారు ఈ బండి అమ్మేస్తానంటున్నాడు. కొనడానికి వచ్చినవాళ్లతో కూడా, "పేరుకే అడవి బండి, చిన్న వాగు గూడ దాటలె" అని ఉన్నమాట చెప్పేస్తాడు. వాళ్లు వెళ్లిపోతారు. నేను పక్కన గుడ్డతో అద్దాలు తుడుస్తూ వింటాను. నా తప్పు నోరు లేని బండి కూడా మోస్తోంది.

సోమన్నకు ఎప్పటికైనా చెబుతానా? ప్రమాణం చెయ్యలేను. నా నోటి సంగతి మీకు ఇప్పటికి తెలిసిపోయింది. చెబితే ఆయన కాలు రాదు, నాకున్న ఆ ఒక్క అన్న పోతాడు. చెప్పకపోతే ఆయన నాకు అన్నే కాదు, అదీ తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు.

సారు మాత్రం ఆ కిటికీ దగ్గర ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. కిటికీ అంచు పట్టుకునే ఉన్నాడు. అవతలి గట్టు మీద వదిన చేతులు జోడించి ఉంది. ఒక్కసారి మంచిగ చూడురా, పోతదా అంటున్నాడు.

పోతది సార్.