లైటు తీగకు పడమటి కొన

సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో చివరి మంగళవారం. తెల్లవారుజామున మంచు, ఆ తర్వాత పొడి ఎండ. నీళ్ల తొట్టి కడిగి, అడుగున చేరిన నల్లమట్టి ఎత్తి కరివేపాకు మొక్క మొదట్లో పోశాను. చేతులు కడుక్కుంటుంటే ఫోను మోగింది. అత్త కూతురు.

"బావా, అమ్మ లెయ్యలేదు" అంది. అత్త నిద్రలోనే పోయింది.

కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీలో రోజువారీ లెక్కలు రాయడం నా పని. ఇంటికొచ్చాక నా కోసం కూడా ఆ రోజు ఎండో వానో, చేసిన పనేమిటో నాలుగు వరుసలు రాసుకుంటాను. ఆ మంగళవారం తొట్టి కడిగిన దగ్గరే ఆగిపోయింది. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే, బడిలో చదివేది కాదు. అక్షరాలు పెద్దయ్యాక నా అంతట నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా మేనత్త ఊరి చివర బడిలో తమిళం టీచరు. రిటైరైన తర్వాత కూడా ఏటా వార్షికోత్సవానికి నాటకం ఆమే రాసి ఆడించేది. స్టేజీకి లైట్లు కట్టడం నా వంతు. బడి గేటు దాటి లోపలికెళ్తే మా ఇద్దరి మధ్య తెలుగు ఆగిపోయి తమిళమే నడిచేది. "వణక్కం టీచర్" అనేవాణ్ణి. "వాంగ సార్" అనేది, నవ్వు పెదవి దాటకుండా. సాయంత్రం గేటు బయటికి రాగానే, "ఏం అల్లుడా, ఆకలి కాలేదా?" అని మళ్లీ అత్త అయిపోయేది.

మొదటిసారి లైట్లు కొనడానికి ఇద్దరం బస్సులో విరుదునగర్ వెళ్లాం. బాడుగకు పెద్ద లైట్లు తెచ్చే శక్తి బడికి లేదు. కొత్తగా వచ్చిన ఎల్‌ఈడీ తీగలైతే చవకని నేనే చెప్పాను. కొట్టువాడు ఒక చుట్ట విప్పి వెలిగించాడు. పాలలాంటి తెలుపు. నాకు బాగానే అనిపించింది. అత్త జాకెట్టు చెయ్యి కొంచెం పైకి లాక్కుని, ముంజేతిని ఆ వెలుగు కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"చూడరా, ఈ వెలిచ్చంలో నేను బతికుండే మనిషి మాదిరి ఉండానా? మన పిల్లలది నల్ల మొగం. విబూది పూసినట్టు అయిపోతాది."

"కొట్టులో అందరూ చూస్తా ఉండారత్తా."

"చూడనీ. వెలిచ్చం మొగానికిరా, గోడకు కాదు."

ఏ లైటు పెట్టినా ఆమె పరీక్ష అదే. గోడ మీద ఎంత అందంగా పడినా లెక్కలేదు. చివరికి రంగులు మారే తీగ రెండు చుట్టలు తీసుకుంది. రిమోటు నొక్కితే ఏ రంగు కావాలంటే అది వస్తుంది, ఒకే ఖర్చులో అన్నీ అయిపోతాయని. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, చంటిబిడ్డను పట్టుకున్నట్టు.

ప్లాస్టిక్ పైపును నిలువుగా రెండుగా కోసి, ఆ దోనెలో తీగ అంటించి, స్టేజీ అంచు పొడుగునా పిల్లల మొహాల వైపు తిప్పి పెట్టాను. రెండు చుట్టలనూ ఒకదాని కొనకు ఇంకొకటి అతికి, ఒకే అడాప్టరుకు కలిపాను. అట్లా కలపకూడదని అప్పుడు నాకు తెలియదు. తెలుపు పెట్టి వెలిగిస్తే అడాప్టరు ఉన్న ఎడమవైపు తెల్లగా ఉంది. పోనుపోనూ పసుపెక్కి, కుడివైపు చిట్టచివర ఎర్రగా మసకబారింది. కరెంటు అంతదూరం నడిచి అలిసిపోయినట్టు.

రెండో కొనకు ఇంకో అడాప్టరు పెడితే సరిపోతుందని వంగాను. అత్త ఆ ఎర్రటి కొన దగ్గరికి వెళ్లి ముంజెయ్యి చాపింది. చాలాసేపు చూసుకుంది.

"ముట్టొద్దు" అంది.

బడి లోపల ఆమె నోట తెలుగు వినడం అదే మొదలు. పిల్లలంతా తిరిగి చూశారు.

"ఈ పక్క మద్యాన్నం, ఆ పక్క పొద్దుగూకేది. నువ్వు చేసింది కాదురా, దానంతట అదే వచ్చింది. వచ్చినదాన్ని పోగొట్టొద్దు." మళ్లీ చెయ్యి చూసుకుని, "చాల్" అంది.

కడంబూరు అవతల నల్లరేగడి ఊరు ఆమెది. చిన్నప్పుడు మేకలు తోలుకుని ఇంటికొచ్చేదట. అక్కడ పడమటి దిక్కున పొద్దుకు అడ్డం ఏదీ ఉండదు. పూర్తిగా గూకేదాకా మేకలూ మనుషులూ ఎర్రగానే కనబడతారని చెప్పేది. ఆ ఏడాది నుంచి ఆమె నాటకాల్లో ఎవరో ఒకరు ఎడమ నుంచి కుడికి ఇంటికి నడవడం మొదలైంది. రిమోటు ముట్టే పని లేదు. పిల్ల నడుస్తుంటే సాయంత్రం అదే వచ్చేది. "టీచర్, మీ నాటకంలో అందరి ఇల్లూ కుడివైపే ఉంటుందేమి?" అని హెడ్మాస్టరు ఎగతాళి చేస్తే, "మా ఇల్లు అటే సార్" అంది.

పిల్లలకు ఒక అలవాటు పట్టుకుంది. స్టేజీ ఎక్కగానే లైటు ముందు ముంజెయ్యి చాపి, ముందు వరసలో కుర్చీలో కూర్చున్న టీచర్‌ను చూసేవారు. ఆమె "చాల్" అంటేనే నాటకం మొదలు. అది తెలుగని వాళ్లకు తెలియదు. నాటకాల మాట ఏదో అనుకునేవారు.

ఈ ఏడు బడి బీరువా తెరిస్తే తీగను ఎలుకలు కొరికేసి ఉన్నాయి. "పోనీ అల్లుడా, శనివారం విరుదునగర్ పోయి వేరేది తెచ్చుకుందాం. పొద్దు లేకపోతే ఈ పిల్ల ఇల్లెట్ల చేరతాది?" అంది. ఈసారి నాటకం మేకలు కాసే ఒక పిల్లది. ఆ శనివారం రాకముందే మంగళవారం వచ్చింది.

నాటకం ఆపేద్దామా అని బడివాళ్లు అడిగారు. పిల్లలు ఒప్పుకోలేదు. శనివారం నేనొక్కణ్ణే బస్సెక్కాను. సంచి ఆమెదే.

కొట్టువాడు కొత్తరకం తీగ చూపించాడు. "అన్నాచ్చీ, ఎంత పొడుగు లాగినా రెండు కొసలూ ఒకటే మాదిరి వెలుగుతాయి. ధర కూడా పెద్ద తేడా లేదు" అన్నాడు తమిళంలో. నిజంగానే మంచి తీగ. ఆ కొన నుంచి ఈ కొన దాకా ఒకటే మధ్యాహ్నం.

"పాత చవక రకం ఉందా? దూరం పోతే ఎర్రబడేది" అన్నాను.

"ఎర్రబడుతోందని జనం తెచ్చి నా మొహాన కొడతారు. మీరేమో అదే కావాలంటారు!" నవ్వుతూనే లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన రెండు చుట్టలు తెచ్చాడు.

రెండూ అతికి కొట్టు నేల మీద పరిచాం. చివర కూర్చుని నా ముంజెయ్యి పెట్టాను. ఎర్రగానే ఉంది. అదే ఎరుపో కాదో నాకు తెలియలేదు. ఇన్నేళ్లూ నేను తీగనే చూశాను, చేతిని ఆమె చూసింది. "సరిపోయిందా అన్నాచ్చీ?" అని కొట్టువాడు రెండుసార్లు అడిగాడు. డబ్బిచ్చి వచ్చేశాను.

ఈరోజు బుధవారం, బడి వార్షికోత్సవం. మబ్బు లేదు, పడమటి గాలి. సాయంత్రం బడిలో పైపు దోనెలో తీగ అంటించాను. ఎడమవైపు అడాప్టరు పెట్టాను. ముందు వరసలో ఆమె కుర్చీని ఎవరూ తీయలేదు, ఎవరూ కూర్చోలేదు.

మేకల పిల్ల స్టేజీ ఎక్కి, లైటు ముందు ముంజెయ్యి చాపి, కుర్చీ వైపు చూసింది. అట్లాగే నిలబడింది. వెనక ఉన్న పిల్లలు కూడా చేతులు చాపారు. ఆ పిల్ల చూపు మెల్లగా కుర్చీ మీది నుంచి నా మీదికి వచ్చింది.

బడి లోపల నేనెప్పుడూ తెలుగు మాట్లాడి ఎరగను. "చాల్" అన్నాను.

పిల్ల చెయ్యి దించింది. లేని మేకలను అదిలిస్తూ తెలుపులోంచి పసుపులోకి, పసుపులోంచి ఎరుపులోకి నడిచి, కొన దాటి ఇల్లు చేరింది.

అందరూ వెళ్లాక హాల్లో నేనూ, కుర్చీ, వెలుగుతున్న తీగ. లైటు ఆర్పుదామని స్విచ్చు దగ్గరికి వెళ్లి, ఆర్పకుండానే ఎర్రటి కొన దగ్గరికి వచ్చి, ఈసారి తీగను కాదు, చాపిన నా ముంజేతినే చూసుకున్నాను.