ఆరూ నలభై రెండుకు వచ్చిన వెలుగు

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివి మీరు నమ్మితే ఆ తప్పు నాది కాదు.

మాది నగరి. పదో తరగతితో బడి ఆగింది. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. ఖగోళం బీరువాలో నేను తెరవని పుస్తకం లేదు. పగలు పెదనాయన షెడ్డులో మరమగ్గం నడిపేదాన్ని. ఉన్నవి రెండే మగ్గాలు, ఆయనదొకటి, నాదొకటి.

కొన్నేళ్ల కిందట పెదనాయన గుండెపోటుతో పోయాడు. మా ఇంట్లో పోయినవాళ్ల మగ్గాన్ని పెద్దకర్మ దాకా నడపం. కర్మ ముగిసింది. ఇక మొదలుపెట్టాలనుకుంటుండగా ఆ వెలుగు కనిపించింది.

సాయంత్రం ఆరున్నరకు షిఫ్టు మారుతుంది. వీధిలోని మగ్గాలన్నీ ఆగుతాయి, అందరూ టీకి బయటికొస్తారు. వరసగా మూడు సాయంత్రాలు మా షెడ్డు పైన ఉత్తరాన తెల్లటి చుక్క పుట్టి, శుక్రుడికంటే ఎక్కువగా వెలిగి, పది సెకన్లలో ఆరిపోయింది. మూడోనాడు పెద్దమ్మ కూడా చూసింది.

"ఆయన మగ్గం ఇడిసి పోలేదే. రెండూ అమ్మేస్తా, షెడ్డుకు తాళమేస్తా" అంది.

తాళం పడితే నాకు పని లేదు. నాకు నేత నేర్పింది పెదనాయనే. ఆయన్నే దెయ్యం చేసి ఆయన మగ్గాన్ని అమ్మడమా?

అది ఉపగ్రహమని చెప్పాను. మనకు పొద్దుగుంకినా అంత ఎత్తున ఎండ ఉంటుంది. దాని రేకు అద్దంలా మెరుస్తుంది. ఎక్కడ ఏ నిమిషానికి మెరుస్తుందో ముందే లెక్కగట్టి ఇంటర్నెట్‌లో పెడతారు.

"అయితే రేపు ఎన్నింటికొస్తాదో కనుక్కో అక్కా. దానికీ ఒక టీ చెప్తాం" అన్నాడు పక్క షెడ్డు మురుగన్. అందరూ నవ్వారు.

మర్నాడు నెట్ సెంటర్లో జాబితా చూసి, 'ఉత్తరాన, 6.42' అని కాగితం మీద రాసి, పడుగుకు పెట్టే గంజితోనే షెడ్డు తలుపుకు అతికించాను. రాకపోతే తాళం నేనే వేస్తానన్నాను.

సరిగ్గా ఆరూ నలభై రెండుకు వచ్చింది.

మురుగన్ తన టీ నా చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మే పెదనాయన మగ్గానికి స్విచ్ వేసింది.

రెండు రోజుల తరవాత మళ్లీ జాబితా తీశాను. అప్పుడు పైనున్న గడి కంటబడింది. మొన్న చూసినప్పుడు నేను ఊరి పేరు ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఆ పేజీ సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం తీసుకుంటుంది. అది ఆఫ్రికా పక్కన సముద్రం. నేను రాసి అతికించిన 6.42 కూడా అక్కడి టైమే, నగరిది కాదు.

నగరి పెట్టి, గడిచిన రోజులు చూశాను. మొదటి మూడు వెలుగులూ ఉన్నాయి. నాలుగోది లేదు. ఇంకో కంప్యూటర్లోనూ చూశాను. లేదు. విమానం అనుకుందామంటే మోత లేదు, కదలిక లేదు.

దాచబుద్ధి కాలేదు. మగ్గాలు అమ్మినా సరేననుకుని పెద్దమ్మకు చెప్పేశాను.

ఆమె దారం ముడేస్తూనే, "బతికినన్నాళ్లూ పిలిస్తే ఒక్క తూరీ టయానికి రాలే. నువ్వు కాగితం అతికిస్తే వచ్చినాడే! మగ్గం నడపమనే గదా. ఇంక అమ్మేది ల్యా" అంది.

"అది పెదనాయన కాదు పెద్దమ్మా" అన్నాను.

"సరేలేమ్మే, పో, పని సూడు."

ఇప్పటికీ కాదనే అంటాను. ఆ రకం ఉపగ్రహాలు చాలావరకు కిందికి దించేశారు, మళ్లీ సరిచూసే దారి లేదు. ఏమిటో తెలియదని రాయడానికి నాకు సిగ్గు లేదు. దెయ్యమని మాత్రం రాయను.