చింతకాయ తొక్కు డబ్బా

మీ వంటింటి పై అరలో, మీది కాని స్టీలు డబ్బా ఎన్నేళ్లుగా ఉంది? నిజం చెప్పండి. నా వంటింట్లో రెండేళ్లుగా ఉంది. మొన్న కుక్కరు రబ్బరు కోసం వెతుకుతూ స్టూలెక్కితే, పాత పేపర్ల వెనక నుంచి చేతికి తగిలింది. మూత మీద వంకర టింకర చుక్కలతో ఒక ఇల్లాలి పేరు కొట్టించి ఉంది. పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టిన సామాను మీద అలాగే పేరు కొట్టిస్తారు, ఎవరింటికి వెళ్లినా తిరిగి రావాలని. ఇది మాత్రం తిరిగి వెళ్లలేదు. బద్ధకం అని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, చెప్పను. పదకొండేళ్ల స్నేహాన్ని ఒక్క అనుమానానికి బలిపెట్టి, ఆ మాట డబ్బా గలవాళ్ల గుమ్మంలో నిలబడి ఒప్పుకోలేక డబ్బాను దాచిపెట్టుకున్నాను.

అప్పట్లో మా గుర్గావ్ ఆఫీసులో రెండు టీములను కలిపి ఒకటి చేస్తున్నారు. కొందరిని పంపించేస్తారని అందరికీ తెలుసు, ఎవరినన్నది ఎవరికీ తెలియదు. మూడు నెలలు మేము అన్నం తిన్నామో లేదో గుర్తులేదు గానీ, మీటింగు గదుల తలుపులు మాత్రం లెక్కపెట్టేవాళ్లం, ఏది ఎంతసేపు మూసి ఉందని. ఆ గొడవలోనే ఒక ఫారం వచ్చింది. పేరు రాయకుండా తోటివాళ్ల మీద అభిప్రాయం చెప్పాలి. నా గురించి వచ్చిన అభిప్రాయాలన్నీ కలిపి చివరికి నాకే ఒక కాగితం ఇచ్చారు. దాని సారాంశం ఒకటే: మంచి పనిమంతుడు, కానీ గెలిచేదాకా వాదిస్తాడు, అందాకా పని ఆగుతుంది. నా ఉద్యోగం నిలిచింది. ఆ వాక్యం కూడా నిలిచింది, గొంతులో. ముహూర్తాల మీద, వాస్తు మీద, తాయెత్తుల మీద ఇరవై ఏళ్లుగా వాదిస్తున్నవాణ్ణి. వాదించడం నా తప్పెలా అవుతుంది? తప్పు రాసినవాడిది. వాడెవడో తేలాలి.

సరిగ్గా ఆ వారమే జనక్‌పురి మిత్రుడు ఫోన్ చేశాడు. వరంగల్ వాడు, నాకంటే చిన్న, నన్ను అన్నా అంటాడు. "అన్నా, మూడు నెలల సంది మనుషుల్లెక్క లేం. శని, ఆదివారం మా ఇంట్ల ఉండు. మా ఇంటామె సర్వపిండి చేస్తనన్నది." ఘాజియాబాద్ మిత్రుడు కూడా వస్తున్నాడట. వాడు గుంటూరు వాడు, నా ఈడు వాడు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేంత చనువు. ముగ్గురం ఒకే ఆఫీసు. మామూలు మనిషైతే సంతోషించేవాడు. నేను మాత్రం మెట్రోలో కూర్చుని, ఇప్పుడే ఎందుకు పిలిచాడని ఆలోచించాను. శనివారమంతా అదే పని. నేను వంటింట్లోకి వెళితే వాళ్లిద్దరూ మాట ఆపేశారు: ఒక సాక్ష్యం. జనక్‌పురి మిత్రుడు ఫోన్ బోర్లా పెట్టాడు: రెండో సాక్ష్యం. నాలుగో సర్వపిండి అడగకుండానే వేశాడు. తప్పు చేసినవాడే ఇంత ప్రేమగా వడ్డిస్తాడనుకుని దాన్నీ జమ కట్టాను. నూనెలో కరకరలాడే పల్లీలు, నువ్వులు, వేడికి కాలే వేళ్లు, పక్కింటి బాల్కనీ నుంచి ఎవరో పిలిచే "భయ్యా, దో మినట్!" అన్నీ ఈరోజుకీ గుర్తున్నాయి. ఆ పూట నాకు ఏ రుచీ తెలియలేదు. మిత్రుడి భార్య మాత్రం కనిపెట్టింది. "ఏందన్నా, పిండిల రాయేమన్న వచ్చిందా? అట్ల నములుతున్నవ్?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వునూ సాక్ష్యాల్లో వేశాను. జాతకం చెప్పేవాడు ముందు తీర్పు రాసుకుని తరువాత గ్రహాలను వెతుక్కుంటాడని ఎన్ని వ్యాసాల్లో ఎద్దేవా చేశానో! ఆ రోజు నేను చేసింది అచ్చంగా అదే.

ఆదివారం మధ్యాహ్నం అశోకా రోడ్‌లో ఉన్న ఆంధ్రా భోజనశాలకు వెళ్లాం. ఢిల్లీలో తెలుగువాళ్లకు అదొక తీర్థయాత్ర, నేను ఒప్పుకున్న తీర్థయాత్ర అదొక్కటే. టోకెన్ తీసుకుని ఎండలో నిలబడ్డాం. లోపలి నుంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. ఆకలి వల్లనో, ఎండ వల్లనో, నా నోరు ఆగలేదు. "ఆ వాక్యం నువ్వే రాశావు కదూ?" అన్నాను జనక్‌పురి మిత్రుడితో, వాడి భార్య ఎదుటే.

వాడు తడబడలేదు. "అవునన్నా, నేనే రాసిన."

"నేనూ అదే రాశానురా," అన్నాడు గుంటూరు వాడు టోకెన్ చూసుకుంటూ. "తప్పుల గడి ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి వస్తోంది. నీకు నష్టం లేనిదేదో ఒకటే రాద్దామని ఇద్దరం అనుకున్నాం. నువ్వు లేనప్పుడు మాట్లాడుకున్నది దాని గురించే. నీకు ఎట్లా చెప్పాలా అని."

"వెనకాల ఎందుకు రాయాలి? మొహం మీద చెప్పచ్చుగా?"

"చెప్పలేదా అన్నా? క్యాంటీన్‌ల మూడుసార్లు చెప్పిన. మూడుసార్లు నువ్వే గెలిచినవ్," అన్నాడు జనక్‌పురి మిత్రుడు. "అబద్ధం రాయమంటవా? నిజమే చెప్పాలని రోజూ నువ్వే గదా లెక్చర్ ఇస్తవ్."

అక్కడ ఆగాలి. ఆగలేదు. పేరు లేని అభిప్రాయం పిరికితనమని, నిజానికి సంతకం ఉండాలని, సంతకం లేని ఉత్తరాలతో ఎంతమంది కాపురాలు కూలాయో అని టోకెన్ నంబరు పిలిచేదాకా మాట్లాడాను. గెలిచాను కూడా, ఎందుకంటే వాళ్లప్పటికే లోపలికి నడుస్తున్నారు. లోపల నలుగురం తలలు వంచుకుని తిన్నాం. అడిగి అడిగి వడ్డించే ఆ చోట, మా బల్ల దగ్గర ఎవరూ ఏదీ మారు అడగలేదు. తిరుగు దారిలో నన్ను మెట్రో దగ్గర దింపుతూ, మిత్రుడి భార్య ఊరి నుంచి తెచ్చిన చింతకాయ తొక్కు డబ్బా చేతిలో పెట్టింది. "డబ్బ మా అమ్మ పెట్టింది అన్నా. తిరిగి తే," అన్నది అంతే. తొక్కు నెల రోజులు తిన్నాను. మొదటి ముద్ద కూడా అనుమానంగానే తిన్నాను. ఆ తరువాత వాళ్లిద్దరూ పిలవడం తగ్గించారు, నేను వెళ్లడం మానేశాను. ఏడాది తిరగకముందే జనక్‌పురి మిత్రుడు వేరే ఆఫీసుకు మారిపోయాడు.

సందేహం నోరు తెరిచి అడుగుతుంది, అనుమానం తలుపు చాటున నిలబడి వింటుంది. ఈ రెంటికీ తేడా తెలియనివాడు హేతువాదిని అని చెప్పుకోకూడదు. వాళ్లు చెప్పింది నిజమనడానికి నా దగ్గర ఇప్పటికీ రుజువు లేదు. అయితే అబద్ధమనడానికి ఆ రోజైనా ఏ రుజువుంది?

మొన్న స్టూలు దిగిన గంటకు జనక్‌పురి మిత్రుడికి ఫోన్ చేశాను. "డబ్బా తెస్తున్నాను," అన్నాను.

"రెండేండ్లకు యాదికొచ్చిందా అన్నా? ఖాళీగనే తెస్తవ్ గదా. పాత్ర ఖాళీగ ఇవ్వొద్దన్నది మూఢనమ్మకమని రాసినవ్."

"నింపే తెస్తున్నాను. పులిహోర. ఉప్పు కాస్త ఎక్కువైంది."

"అచ్ఛా," అన్నాడు. తరువాత నవ్వాడు. "గింతసేపేంది ఒక్క మాట గూడ వాదించకుంట?"

కాలం అన్నీ సర్దుబాటు చేస్తుందని చెబుతారు. నేను నమ్మను. రెండేళ్ల కాలం ఆ డబ్బాకు చేసిందల్లా మూత మరింత బిగుసుకుపోయేలా చేయడమే. వేడినీళ్లు పోసి, గుడ్డ పట్టి, నేనే తిప్పాల్సి వచ్చింది. మీ అరలోని డబ్బా మూత కూడా ఈపాటికి బిగుసుకునే ఉంటుంది. ఈ పేజీ మూసేయండి. స్టూలెక్కి దాన్ని దించండి, చేతికొచ్చింది ఏదో ఒకటి నింపండి, దాని మీద ఎవరి పేరు ఉందో వాళ్ల తలుపు ఇవాళే తట్టండి.