సొట్టలు తీసిన చెయ్యి

గాజువాక సిగ్నల్ దగ్గర వెనకనుంచి కారు గుద్దితే స్కూటర్‌తో సహా బోర్లాపడ్డ మనిషి లేవగానే ఏం చేస్తాడు? ఒళ్లు తడుముకుంటాడు, లేదా గుద్దినవాణ్ణి నాలుగు తిడతాడు. జగ్గారావు మాత్రం కారు ముందు గొంతుక్కూర్చుని దాని బంపర్ తడిమాడు. ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి కార్ల సొట్టలు తీస్తున్నవాడు మరి, కళ్లు అటే పోయాయి.

కారు నడిపిన భీమశంకరరావు పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. గడగడలాడుతూ దిగి, "దెబ్బలేమన్నా తగిలాయా నాయనా?" అన్నాడు.

"నాకేటీ అవనేదు బాబూ. మీ బండికే సొట్ట పడిపోనాది. రేపు మా షెడ్డుకి తెచ్చీండి, నాను సేసి పెట్టేత్తాను," అని జగ్గారావే ఆయనకి ధైర్యం చెప్పాడు. పోలీసుల మాట ఇద్దరికీ తట్టలేదు. మర్నాడు అన్నంత పనీ చేశాడు. తనని గుద్దిన కారుని తనే బాగుచేసి, డబ్బులు కూడా వద్దన్నాడు. మంచితనానికీ ఓ హద్దుండాలి!

రెండు వారాలకి మెడ పూర్తిగా పట్టేసింది. తలగడ తేడా అనుకున్నాడు. భార్య దేముడమ్మ అతన్ని వీధిలోనే ఉండే, ఎదురుకాళ్లతో పుట్టిన చిట్టమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అలా పుట్టిన మనిషి కాలు తాకిస్తే పట్టు వదులుతుందని వాళ్ల నమ్మకం. పట్టు వదల్లేదు సరికదా, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఓ రోజు ముద్ద నోటిదాకా రాకుండానే కంచంలో రాలిపోయింది.

"ఏటిది మావా, నీ సెయ్యి నీ మాట ఇనట్నేదేటి?" అని దేముడమ్మ బావురుమంది.

ఆస్పత్రిలో స్కాన్ తీసి, మెడ దగ్గర నరం నలిగిందన్నారు. ఇలాంటి దెబ్బ ఒక్కోసారి ఆలస్యంగా బయటపడుతుందట. ఇక సుత్తి పట్టకూడదన్నారు. సుత్తి పట్టకపోతే ఇల్లు గడిచేదెలా? అప్పుడు పోలీసు ఫిర్యాదు, ఆ వెనకే పరిహారం కేసు. ఇన్ని రోజులకి పుట్టుకొచ్చిన నొప్పి దొంగనొప్పి అంది ఇన్సూరెన్స్ కంపెనీ. వీధిలోనూ అదే గుసగుస. విని విని, నిజంగా దెబ్బ అప్పుడే తగిలిందా అని జగ్గారావుకే అనుమానం మొదలైంది.

అతని లాయరు పోలిరాజుది వాళ్ల ఊరే. "షెడ్డు సంగతి అడిగితే గుర్తునేదని సెప్పీ బావా," అని ముందే చెప్పి ఉంచాడు.

కోర్టులో జగ్గారావుని బోనెక్కించి అడగనే అడిగాడు కంపెనీ లాయరు. "మర్నాడే సుత్తి పట్టుకుని ఇదే కారు సొట్ట తీశారా, లేదా?"

గుర్తులేదనడానికి జగ్గారావుకి నోరు రాలేదు. చేసిన పని చేయలేదని ఏనాడూ చెప్పి ఎరగడు.

"తీసేనండి."

పోలిరాజు తల పట్టుకున్నాడు. దేముడమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అంతా అయిపోయిందనుకుని జగ్గారావు వచ్చి బల్లమీద కూలబడ్డాడు.

తరవాత భీమశంకరరావుని పిలిచారు. ముసలాయన బోనెక్కాడు.

"అతను పనిచేసిన మాట నిజమేనండీ. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికే సుత్తి ఎడంచేతికి మార్చుకున్నాడు. మాటిమాటికీ మెడ రుద్దుకున్నాడు. ఏమైందంటే పర్నేదు బాబూ అన్నాడు. ఇంకోసారి అడగాల్సింది. అడిగితే పని ఆపేస్తాడేమోనని ఊరుకున్నాను."

అది జగ్గారావుకే గుర్తులేదు. కొన్నాళ్లకి పరిహారం ఇమ్మని తీర్పు వచ్చినప్పుడు ఇంట్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. జగ్గారావు మాత్రం ఏడవాల్సిందంతా ముసలాయన మాట విన్ననాడే, ఆ కోర్టు బల్లమీదే ఏడ్చేశాడు. తన నొప్పి అబద్ధం కాదు. దాన్ని కళ్లారా చూసిన మనిషి ఒకడున్నాడు.