సాగదీసిన మూడోసారి

“ఏవయ్యా, వెళ్ళొస్తాను. గంజి మూతపెట్టి పక్కనే ఉంచాను.”

“మూడో... సారి.”

మా ఇద్దరి మధ్య చివరగా నడిచిన మాటలు ఇవే. నేను చేపల గంప నెత్తికెత్తుకుని గుడివాడ బస్సుకి బయల్దేరుతున్నాను. ఆయన మంచంలో ఉన్నాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మనిషి లేడు.

ఆయన బందరు రేవులో చేపలు వేలం వేసేవాడు. పడవలు రాగానే కుప్పలు పోయించేవాడు. అమ్ముకునే ఆడవాళ్ళం చుట్టూ మూగేవాళ్ళం. పాట పెరిగినంత పెరిగాక ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కొట్టేసేవాడు. మూడోసారి అన్నాక దేవుడొచ్చినా ఆ కుప్ప చెయ్యి మారదు.

ఒక పొద్దున వంజరం కుప్ప దగ్గర నిలబడి రెండోసారి అన్నాడు. మూడోసారి అనలేదు. ఇంకా పాట పెరగాలని ఆగాడనుకున్నాం.

“ఏం బావా, గొంతులో ముల్లు దిగిందా?” అని ఒకావిడ వేళాకోళమాడింది. అందరం నవ్వాం. అంతలో ఆయన నోరు ఒక పక్కకి జారింది. చూస్తుండగానే ఆ వంజరాల మీదే కూలబడ్డాడు. అప్పటిదాకా నవ్విన నోళ్ళు మూతపడటం కూడా మర్చిపోయాయి.

పక్షవాతం అన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఇంటికొచ్చిన రోజే “నీళ్ళు కావాలా?” అని అడిగాను.

“ఒకటోసారి!” అన్నాడు.

రేవులో వినిపించే ఆ గొంతే. అంత ఖణీమనే గొంతే. దుప్పటి కప్పనా అంటే రెండోసారి అన్నాడు. నా పేరు పలకలేకపోయాడు, నీళ్ళు అనలేకపోయాడు. ఆ వేలం మాటలు మాత్రం వచ్చాయి. చూడ్డానికొచ్చిన ఇరుగమ్మ నా బుగ్గ పొడిచింది.

“నిన్ను వేలానికి పెట్టాడే మీ ఆయన! కొనేవాళ్ళు ఎవరో చూసుకో.”

నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం వేసింది. వేలం వెయ్యగలిగిన మనిషి మంచినీళ్ళు ఎందుకు అడగలేడు?

మూడోసారి మాత్రం ఎప్పుడూ అనలేదు. పోయే రోజు అన్నాడు. అందుకే ఆ మాటని నేను పట్టుకుని ఉన్నాను. ఆయనకి తెలిసిపోయింది, నాకు చెప్పి, పాట ముగించి మరీ వెళ్ళాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పుకున్నాను. అది తలుచుకుంటేనే నాకు అన్నం దిగేది.

ఇది రాస్తున్న పిల్ల నా తమ్ముడి కూతురు. దివిసీమలో పుట్టింది. ఇప్పుడు యూనివర్సిటీలో మెదడు గురించి చదువుతోంది. న్యూరోసైన్స్ అంటారట. మొన్న సెలవులకి నా దగ్గరికొచ్చింది. నేను రొయ్యలు ఒలుస్తుంటే పక్కన చతికిలబడి తన పాఠాలు చెప్పుకొచ్చింది.

“మాటలు చాలామందికి మెదడులో ఎడమవైపు ఉంటాయత్తా. అక్కడికి రక్తం అందకపోతే మాట పోతుంది. కానీ నోటికి బాగా అరిగిపోయినవి, అంకెలు, తిట్లు, దండకాలు, కొందరికి మిగిలిపోతాయి. వాళ్ళు కావాలని అనరు. ఇంకో మాట కోసం వెతుక్కుంటే అదొచ్చి నోట్లో పడుతుంది.”

“మీ మావయ్యకీ అంతేనా?”

“అంతే అయ్యుంటుంది. క్లాసులో ఆ పాఠం చెప్తుంటే నాకు మావయ్యే కనిపించాడు.”

“మరి ఆ మూడోసారి?”

పిల్ల తలెత్తలేదు. “అదీ అలా వచ్చి పడిందేనేమో అత్తా.”

ఒలిచే రొయ్య వేళ్ళ మధ్యే ఉండిపోయింది. ఆయన పోయిననాడు గుండెలు బాదుకున్నాను. ఇప్పుడు ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళంతా ఐసులో పెట్టినట్టయింది. ఆయన నాకేమీ చెప్పలేదన్నమాట. ఊరికే నోట్లోంచి జారిందన్నమాట.

“నీ చదువు మండిపోను! నాకు మిగిలిన ఒక్క మాటా ఊడబెరుక్కున్నావు కదే!” అని అరిచాను.

పిల్ల బెదిరిపోయింది. రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. మెల్లగా, “మావయ్య ఎలా అన్నాడో అలాగే ఒకసారి అనత్తా” అంది.

“మూడో... సారి.”

“రేవులో కూడా ఇలాగే అనేవాడా?”

“అలా ఎందుకంటాడే? రేవులో మూడోసారంటే కత్తివేటే. టక్కున...” అంటూనే నా నోరు ఆగిపోయింది.

సాగదీసేవాడు. కాకపోతే ఎప్పుడో ఒకసారి. ఎవరి మీదైనా మనసు కరిగితే, పాపం ఇంకో పాట పాడుకోనీ అని, మూడో అని లాగి ఆగేవాడు. అది రేవులో అందరికీ తెలిసిన మర్యాదే. మా పెళ్ళికి ముందు నా కోసం అలా లాగేవాడు. “ఆ పిల్ల గంప కనపడితే చాలు, బావ గొంతు బెల్లప్పాకం అయిపోద్ది” అని ఆడవాళ్ళు ఎత్తిపొడిచేవాళ్ళు.

ఇదంతా చెప్తే పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

“అత్తా, మాటలు ఎడమవైపు అన్నానా? గొంతులో ఉండే ఎగుడుదిగుళ్ళు, కోపం, ప్రేమ, ఇవి ఎక్కువగా కుడివైపు పని అంటారు. మావయ్యకి కుడి చెయ్యి, కాలు పడిపోయాయంటే మెదడులో దెబ్బ తగిలింది ఎడమవైపు.”

“అంటే ఏంటే?”

“మాట ఆయన అనుకున్నది కాకపోవచ్చు. సాగదీసింది మాత్రం ఆయనే అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేను. ఎవరూ చెప్పలేరు.”

పాట ముగించాడని కదా ఇన్నాళ్ళూ అనుకున్నాను! ఆయన ముగించలేదు. ఆపి పట్టుకున్నాడు. ఇంకొక్క మాట నన్ను అననిద్దామని ఆగాడు. నేనేమో గుమ్మం దాటేశాను, బస్సు వెళ్ళిపోతుందని.

నాకు సంతకం పెట్టడమే వచ్చు. అందుకే ఇదంతా పిల్లని రాయమన్నాను.

అయిందా అమ్మడూ? ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర గబగబా పోకు, లాగి ఆగు. ఇవాళ నాకు బస్సు తొందరేం లేదు.