డ్రమ్ములు లేని అట్ట

"టి. హేబెర్లే గారు ఇంకా బతికే ఉన్నారాండీ?" అని అడిగాడు బెర్లిన్ నుంచి వచ్చిన మనిషి.

ట్రౌడెల్ హేబెర్లే మాంసం కొట్టు బల్ల వెనక నిలబడి హామ్ కోస్తోంది. తలెత్తి చూసింది. ముప్పై దాటి ఉంటాయి, గడ్డం, చంకలో గుడ్డ సంచి.

"ఏ హేబెర్లే?"

"డ్రమ్స్ వాయించేవారు. ఆకర్‌విండే బ్యాండులో. డెబ్బై మూడులో 'కోసిన చేను' అని ఒకే ఒక్క రికార్డు వేశారు. తర్వాత ఆయన ఇండియా బయల్దేరి, దారిలో వ్యాన్ లోయలో పడి పోయారని కొందరు రాస్తారు. మఠంలో చేరారని కొందరు."

"పోలేదు, చేరలేదు. అలాంటి మగాడు అసలు పుట్టనే లేదు," అంది ట్రౌడెల్, హామ్ ముక్కలు కాగితంలో చుడుతూ. "ఇంకేమైనా కావాలా?"

అతని పేరు లెనార్ట్. జనం మరిచిపోయిన పాత రికార్డులు వెతికి మళ్లీ వేసే చిన్న కంపెనీ నడుపుతాడు. సంచిలోంచి రికార్డు తీసి, పసిపాపను పడుకోబెట్టినంత జాగ్రత్తగా గాజు బల్ల మీద పెట్టాడు. అట్ట మీద కోసేసిన గోధుమ చేను. అందులో జుట్లు పెంచిన నలుగురు మగవాళ్లు. ఒకడి చేతిలో గిటారు, ఒకడి చేతిలో బేస్ గిటారు, ఒకడి ముందు ఆర్గన్. నాలుగోవాడు రెండు డ్రమ్ము పుల్లలు గాల్లోకి ఎత్తి నిలబడ్డాడు. వాడి ముందు ఏమీ లేదు.

"దీని మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలీదు. డ్రమ్ములు లేని డ్రమ్మర్! శూన్యాన్ని వాయించడం అని ఒకాయన రాశాడు. యుద్ధం తర్వాత పుట్టిన తరం మౌనం అని ఇంకొకాయన. నేను కూడా ఒక వ్యాసం రాశాను."

"డ్రమ్ములు నా వ్యానులో ఉన్నాయి నాయనా," అంది ట్రౌడెల్.

లెనార్ట్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పాపం, వ్యాసం పెద్దదే అయి ఉండాలి.

ట్రౌడెల్ తండ్రి ఓయ్‌గెన్ హేబెర్లే ఆ కెట్టింగెన్ ఊళ్లో మాంసం కొట్టువాడే కాదు, ఊరి బాజా సంఘానికి పెద్ద కూడా. సంఘంలో ఆడపిల్లలకు క్లారినెట్ ఇచ్చేవారు, మహా అయితే పిల్లనగ్రోవి. కూతురు డోలు అడిగితే, "ఆడపిల్ల కాళ్లు బారజాపుకుని డోలు బాదితే చూసేవాళ్లు ఏమంటారే?" అన్నాడు. చూసేవాళ్లను అడిగి చూద్దామంది కూతురు. ఆయనది 'అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు' అన్న రకం. తను నేర్పడు, నేర్పేవాడి దగ్గరికి పోనివ్వడు. ఆ పిల్ల మాంసం నిలవ ఉంచే చల్లగదిలోకి పోయి, కొవ్వు డబ్బాలు బోర్లించి, చెక్క గరిటెలతో వాయించుకునేది. చుట్టూ కొక్కేలకు వేలాడే పంది ముక్కలు చప్పుడును మింగేసేవి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో నేర్చుకున్న విద్య అది. తర్వాత కొట్లో తనకొచ్చిన జీతంతో ష్టుట్‌గార్ట్‌లో అమెరికన్ సైనికుల క్లబ్బు అమ్మేస్తున్న పాత డ్రమ్ముల సెట్టు కొనుక్కుంది.

ఫోల్కర్ డాక్టరుగారి అబ్బాయి. గిటారు వాయిస్తాడు, పుస్తకాలు చదువుతాడు, ప్రపంచం మారాలంటాడు. ఇద్దరు మిత్రులతో కలిసి బ్యాండు పెట్టి, డ్రమ్మర్ దొరక్క తిరుగుతూ ఉండగా ట్రౌడెల్ వాయించడం విన్నాడు. వారం తిరక్కుండా నలుగురూ ఒక పాత ధాన్యపు కొట్టంలో చేరారు. ఆ కుర్రాళ్లకు చర్చ ఒక మతం. ఏదైనా అందరూ కూర్చుని చేతులెత్తి తేల్చాల్సిందే. గిన్నెలు ఎవరు కడగాలన్నా చర్చే, పాటలో మూడో భాగం ఎంతసేపు సాగాలన్నా చర్చే. గిన్నెల చర్చ ముగిసేలోపు ట్రౌడెల్ వాటిని కడిగేసేది.

రికార్డింగుకు డ్రమ్ములు సాసేజ్‌లు మోసే వ్యానులోనే వెళ్లాయి. రికార్డు రెండో వైపంతా ఒకటే పాట. సగంలో ట్రౌడెల్ చేతిలో పుల్ల విరిగింది. ఆమె ఆపలేదు, మిగిలిన మొండిముక్కతోనే చివరిదాకా వాయించింది. అక్కడి నుంచి పాట మొరటుగా, కోపంగా మారిపోతుంది. ఇప్పుడు లెనార్ట్ లాంటివాళ్లు చెవులు రిక్కించి పదే పదే వినేది ఆ చోటునే.

అంతా బాగానే ఉంది. అట్టకు ఫోటో తీసే రోజున కొలోన్ నుంచి రికార్డు కంపెనీ మనిషి వచ్చాడు. వెంట ఒక అందగాణ్ణి కూడా తెచ్చాడు. ష్టుట్‌గార్ట్‌లో బట్టల షాపు అద్దాల వెనక బొమ్మలకు కోట్లు తొడిగే ఉద్యోగం వాడిది.

"ఇంత బరువైన సంగీతానికి డ్రమ్స్ మీద ఆడపిల్లంటే నవ్వులాట అయిపోతుంది," అన్నాడు కంపెనీ మనిషి. "వాయించింది అమ్మాయే, కాదనను. పేరు కూడా వేస్తాం, టి. హేబెర్లే అని. ఫోటోలో మాత్రం ఈ అబ్బాయి నిలబడతాడు. ఒక్క ఫోటోనే కదా!"

"ఒక్క ఫోటోనే అయితే నేను నిలబడితే ఏం?" అంది ట్రౌడెల్.

ఫోల్కర్ గొంతు సవరించుకుని, "చేతులెత్తి తేలుద్దాం," అన్నాడు.

మూడు చేతులు లేచాయి. ట్రౌడెల్ ఆ చేతుల వంక చూసింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు తన డ్రమ్ముల వెనక నిలబడబోతున్న ఆ అందగాడు పుల్లలు తలకిందులుగా పట్టుకుని ఉండటం చూసి ఇంకా మండింది. మారుమాట్లాడకుండా పళ్లేల్లాంటి ఇత్తడి తాళాలు విప్పింది, స్టాండ్లు మడిచింది, పెద్ద డ్రమ్ము చేలోంచి దొర్లించుకుంటూ పోయి వ్యానులోకి ఎక్కించింది.

"ట్రౌడెల్, అదేం పని? ఫోటోకి డ్రమ్ములు కావాలి!" అని ఫోల్కర్ వెంటపడ్డాడు.

"డ్రమ్ములు కావాలంటే డ్రమ్మర్ని అడగాలి," అని వ్యాను స్టార్ట్ చేసింది. వెలుతురు పోతోందని ఫోటోగ్రాఫర్ ఉన్నవాళ్లతోనే ఫోటో తీసేశాడు.

ఆ తర్వాత ఆమె కొట్టంలో అడుగు పెట్టలేదు. కోట్లు తొడిగేవాడికి వాయించడం ఎక్కడొస్తుంది? చలికాలం రాకముందే బ్యాండు విడిపోయింది. రికార్డును కొన్నవాళ్లూ లేరు, తిట్టినవాళ్లూ లేరు. కానీ ఒక అట్టను ఎవరో ఊరి సారా కొట్టు గోడకు తగిలించారు. ఊరు దాన్ని చూసి తీర్పు చెప్పేసింది. మన ట్రౌడెల్ ఆ జుట్టు వెధవల డ్రమ్ములు వ్యానులో మోసిపెట్టేదట, డ్రైవరట. తండ్రికి నిజం తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు, ఎందుకంటే ఆ అబద్ధం ఆయనకూ అనుకూలమే.

మరి నోరు విప్పి చెప్పొచ్చుగా అంటారా? ఆమె చెప్పలేదు. నా నిజాన్ని నేనెందుకు అడుక్కోవాలి, అబద్ధం చెప్పినవాడే వచ్చి దిద్దాలి అనేది ఆమె లెక్క. మొండితనమే. ఆ మొండితనం మీదే నలభై ఏళ్లు బతికింది. ఒక తాపీ మేస్త్రిని పెళ్లాడింది, పొసగక విడిపోయింది, ఇంటిపేరు మళ్లీ తనదే పెట్టుకుంది. తండ్రి పోయాక కొట్టు తనే నడిపింది. ఆ మరుసటి ఏడు అగ్నిమాపక దళం ఉత్సవంలో ఎవరినీ అడగకుండా వెళ్లి పెద్ద డోలు ముందు కూర్చుంది. సంఘం మగాళ్లు గుర్రుగా చూశారు కానీ ఒక్కడూ కిక్కురుమనలేదు. ఆదివారం వంటకు మాంసం ఎవరి దగ్గర కొనాలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ సంఘంలో ముగ్గురు ఆడపిల్లలు డ్రమ్స్ వాయిస్తారు, ముగ్గురూ ఆమె శిష్యులే. అయినా ఊరు ఏమనేది? "ఆ గోల కుర్రాళ్లను మోసుకు తిరిగినప్పుడు చూసి నేర్చుకుందిలే" అనేది. అది వినబడిన ప్రతిసారీ ఆమె కత్తి కొంచెం గట్టిగా దిగేది.

వెతుక్కుంటూ వచ్చి అడిగాడని ట్రౌడెల్ చెప్పిందంతా విని లెనార్ట్ కళ్లు పెద్దవి చేశాడు. "ఫ్రౌ హేబెర్లే, మీ సంతకం లేకుండా నేను రికార్డు వేయలేను. ఆర్గన్ ఆయన పోయారు, వాళ్లావిడ సంతకం పెట్టింది. కెనడాలో ఉన్న బేస్ ఆయన పెట్టాడు, ఫోల్కర్ గారు పెట్టారు. మీ పేరు పూర్తిగా వేస్తాను. అట్ట కూడా మార్చేస్తాను, మీ ఫోటోతో."

"అట్ట మార్చొద్దు. అందులో ఉన్న సిగ్గు నాది కాదు, ఉండనీ. పేరు మాత్రం పూర్తిగా వెయ్యి, గెర్‌ట్రౌడ్ అని. ఇంకొకటుంది. శనివారం పొద్దున ఫోల్కర్ ఇక్కడికి రావాలి. నా కొట్లో, లైను వీధిలోకి సాగినప్పుడు నిలబడి, డ్రమ్స్ ఎవరు వాయించారో చెప్పాలి."

"ఆయన టూబింగెన్‌లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారండీ, పెద్దమనిషి. తుంటి ఆపరేషన్ కూడా అయింది. ఉత్తరం రాయిస్తే..."

"ఉత్తరం నేను చదువుతాను. ఊరు చదవదు."

"రాకపోతే?"

"రాకపోతే రికార్డు లేదు. ఇన్నేళ్లూ అది లేకుండానే సాసేజ్‌లు అమ్మాను, ఇక ముందూ అమ్ముతాను."

ఆ శనివారం ఫోల్కర్ రాలేదు. ట్రౌడెల్ రోజంతా తలుపు వంక చూసింది, చూస్తున్నందుకు తన మీద తనే విసుక్కుంది. కొట్టు కట్టేస్తూ, ఉత్తరానికే ఒప్పుకుని ఉంటే కనీసం కాగితం మీదైనా పేరు దక్కేదేమో అనుకుంది. వెంటనే ఆ ఆలోచనను ఎముకల బుట్టలో పారేసింది.

మరుసటి శనివారం వచ్చాడు. తెల్లబడిన జుట్టు, చేతికర్ర, మంచి కోటు. లైను పక్క నుంచి తిన్నగా బల్ల దగ్గరికి రాబోతే ఎనభై దాటిన ఫ్రౌ బెష్‌లే బుట్ట అడ్డం పెట్టింది.

"లైను వెనక్కుందయ్యా. పెద్ద కోటైతే మాత్రం?"

అతను వెనక్కి పోయి నిలబడ్డాడు. ట్రౌడెల్ తొందరపడలేదు. ఒకరికి వేడి లెబర్‌కేస్ మాంసపు దిమ్మ కోసి బ్రెడ్డులో పెట్టింది, ఒకరికి కైమా కొట్టింది, ఇంకొకరి మనవడి జలుబు గురించి అడిగింది. ఫ్రౌ బెష్‌లే తన వంతు అయిపోయినా కదల్లేదు, ఏదో జరగబోతోందని వాసన పట్టి గోడవారగా నిలబడింది.

ఫోల్కర్ వంతు వచ్చింది. కర్ర సర్దుకుని జనం వైపు తిరిగాడు. "ఆకర్‌విండే బృందపు ధ్వనిముద్రణలో తాళవాద్య సహకారమునకు సంబంధించి గతంలో కొంత అపోహ ఏర్పడిన విషయం..."

"మన మాటలో చెప్పు," అంది ట్రౌడెల్.

"గట్టిగా కూడా చెప్పు, నాకు చెముడు," అంది ఫ్రౌ బెష్‌లే.

ఫోల్కర్ మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు ఇదే వీధిలో మాట్లాడిన మాటలోనే అన్నాడు. "డ్రమ్స్ వాయించింది ట్రౌడెల్. మొదటి నుంచి చివరిదాకా. ఆ అట్ట మీదున్నోడికి పుల్లలు పట్టుకోవడం కూడా రాదు. వాణ్ణి నిలబెట్టడానికి మేం ముగ్గురం చెయ్యెత్తాం. ముందు ఎత్తింది నేనే."

ముందు ఎవరు ఎత్తారన్నది ట్రౌడెల్ ఆ రోజు గమనించలేదు. గమనించి ఉంటే ఆ పెద్ద డ్రమ్మును అతని మీదికే దొర్లించేది.

"నన్ను క్షమించు ట్రౌడెల్," అన్నాడు మెల్లగా.

"అది తూకానికి అమ్మం. నీకేం కావాలో చెప్పు, వెనక జనం నిలబడున్నారు."

అతను లివర్ సాసేజ్ అడిగాడు. కోసి, తూచి, కాగితంలో చుట్టి ఇచ్చి పూర్తి ధర తీసుకుంది. ఫోల్కర్ బయటికి నడిచాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు, తర్వాత అందరి కళ్లూ ఆమె మీదికి తిరిగాయి.

"అయితే ఆ గోలంతా నీదేనటే అమ్మాయ్?" అంది ఫ్రౌ బెష్‌లే.

నలభై ఏళ్లుగా ఊరి ముందు తన నోటితో అనని మాట అనడానికి ట్రౌడెల్ కత్తి పక్కన పెట్టింది.

"నాదే ఫ్రౌ బెష్‌లే. ఒక్క దెబ్బ కూడా ఇంకొకరిది కాదు," అని, చేతులు తుడుచుకుని, "తర్వాత ఎవరు?" అంది.