అన్నయ్య అమ్మిన టర్బో కారు

అమెరికాలోని నోవైలో మా తెలుగు చర్చిలో పరిచయమైన ఒకాయన్ని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన ఇంజిన్‌కి అదనపు పవరిచ్చే టర్బో ఉన్న తన స్పోర్ట్స్ కారును నాకు అమ్మారు. ఆ కార్ల గురించి నాకేమీ తెలియదు కాబట్టి, ఏ సందేహం వచ్చినా ఆయనకే ఫోన్ చేసేదాన్ని.

"అన్నయ్యా, స్టార్ట్ చేయగానే స్పీడ్‌గా పోనివ్వచ్చా?"

"వద్దమ్మా. ఆయిల్ వేడెక్కేదాకా మెల్లగా డ్రైవ్ చెయ్."

"పవర్ పెరగడానికి ట్యూన్ చేయిస్తారట కదా, నేనూ చేయించనా?"

"అస్సలు వద్దు. కంపెనీ ఇచ్చినట్టే ఉంచు, ఇంజిన్ పదికాలాలు ఉంటుంది."

సొంత చెల్లెలికి చెప్పినట్టు చెబుతున్నారని మురిసిపోయాను.

ఆ చలికాలంలోనే కారు వెనక నీలం పొగ మొదలైంది. ఆదివారం ఆరాధన తర్వాత భోజనాల దగ్గర ఆయన భార్యతో ఆ మాట అన్నాను. వదిన పెరుగన్నం కలుపుకుంటూ, "మళ్లీ ఆ పొగేనా? మీ అన్నయ్య దాన్ని ట్యూన్ చేయించి, రేసులకి తీసుకెళ్లి టర్బో పాడుచేశారు కదా. అమ్మేముందు ఆ ట్యూనింగ్ తీయించి, అంతా కంపెనీ ఇచ్చినట్టే మార్పించారు. నీకు చెప్పలేదా?" అంది.

ఆయన పక్క టేబుల్ దగ్గరే ఉన్నారు. వెళ్లి అడిగాను.

"చెప్తే నువ్వు కొనేదానివా?" అన్నారు, తల ఎత్తకుండా.

ప్లేటు అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. అడిగినవాటన్నిటికీ అంత ఓపిగ్గా, నిజమే చెప్పి, ఆ ఒక్క సంగతి దాచారు.

కారుకి కొత్త టర్బో వేయించుకున్నాను. వారం తర్వాత "కారెలా ఉందమ్మా?" అని ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. చదివి ఊరుకున్నాను.